వంకర పలక

పోస్టులో రెండు డబ్బీలు వచ్చాయి,
అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దవి, నారింజ రంగువి.
ఒకటి పడగ్గదిలో, ఒకటి ముందుగదిలో
మూడు నెలలు కదపకుండా ఉంచమని కాగితం.
లవ్‌డే ట్రెగేర్ కళ్లద్దాలు తుడుచుకుని
రెండుసార్లు చదివింది,
ఆ తర్వాత తనకు తోచినట్టే చేసింది.

ముందుగదిది గడియారం పక్కన. సరే.
పడగ్గదిది మాత్రం
జాగో పడుకునే వైపు, దిండు మీద.
ఆయన పోయి పదకొండేళ్లు.
ఆ గలీబు ఇప్పటికీ సోమవారం సోమవారం ఉతుకుతుంది.

బదులొచ్చింది: ఏడు వందల నలభై.
రెండు వందలు దాటితే ఊరుకోకూడదంటారు.
ఫ్యాన్లు బిగించేవాణ్ణి, నన్ను పిలిచింది.
"ఏడు వందల నలభై ఏమిటి?" అంది.
బెకరెల్‌లు, అన్నాను.
"పౌన్లు కాదు కదా" అని కెటిల్ పొయ్యి మీద పెట్టింది.

కార్న్‌వాల్ పడమటి కొసన
ఏ గడప తొక్కినా కింద గ్రానైటే.
దానికి రంగు లేదు, వాసన లేదు, తలుపు తట్టదు.
పిలవని పేరంటానికి వచ్చి
వచ్చినట్టు కూడా తెలియనివ్వదు.
రాతిలో యురేనియం ముసలిదై ముసలిదై
విడిచే ఊపిరి రేడాన్.
నాలుగు రోజుల్లో సగం తరిగిపోతుంది,
తరుగుతూ తరుగుతూ పిల్లల్ని కంటుంది,
ఆ పిల్లలే మన రొమ్ములో గూడు కడతాయి.
చలికాలం కిటికీలు బిగించుకుని కూర్చుంటే
మన వెచ్చదనమే దాన్ని పైకి లాగుతుంది.

ఇదంతా చెప్పబోయాను.
ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.
"ముప్పై ఏళ్లు ఆయన తగరం కోసం
దాని ఇంటికి దిగాడు.
ఇప్పుడది ఆయన్ని వెతుక్కుంటూ వచ్చిందేమో.
లేడని చెప్పి పంపడానికే కదా, హెడ్లీ,
నీ ఫ్యాను?"

నేను నవ్వలేదు. సుత్తి తీశాను.
అక్కడొచ్చింది పేచీ.
వంటింటి నేల జాగో పరిచింది.
నల్ల పలకలు, నలభై ఆరు,
ఒక్కటి కూడా జానెడు వంకర లేదని
పెళ్లికొచ్చిన వాళ్లకీ, చావుకొచ్చిన వాళ్లకీ
ఆమె చూపించిన నేల.
"పగలగొట్టావో..." అంది, మిగతాది అనలేదు.

పగలగొట్టలేదు. గోడ వార పలకొకటి
గడ్డపారతో, పసిపిల్లని లేపినట్టు లేపాను.
అడుగున వడ్రంగి పెన్సిలుతో నాలుగు ముక్కలు:
ఇది వంకర. తర్వాత చూద్దాం. జా.

ఆమె వంగి చదివింది.
చాలాసేపు వంగే ఉంది.
నడుం పట్టిందేమో అనుకున్నా,
నవ్వు పట్టింది.
"నలభై రెండేళ్లు!" అంటుంది, కళ్లు తుడుచుకుంటుంది,
మళ్లీ "నలభై రెండేళ్లు, దొంగ వెధవ!"

పలక కింద గుంట తవ్వాను,
తొమ్మిది బకెట్ల మట్టి, రాళ్లు.
గుంటలోంచి గొట్టం, గోడలోంచి బయటికి,
చూరు దాకా, దాని నెత్తిన ఫ్యాను.
నేల కిందే పీల్చేసి గాలికి వదిలేస్తుంది,
గాల్లో కలిసినదాన్ని సముద్రం మీది ఈదర చూసుకుంటుంది.
పగుళ్లన్నీ పూడ్చాను.
పలక మళ్లీ పరుస్తూ మట్టం సరిచెయ్యబోతే
ఆమె చీపురు తిరగేసింది.
వంకరగానే పరిచాను.

మొదటి వారం ఫోన్లు:
హోరు, నిద్ర లేదు, పిల్లి ఇంట్లోకి రావట్లేదు.
ఫిబ్రవరి తుఫానుకి కరెంటు పోయిన రాత్రి
ఒంటిగంటన్నరకి మళ్లీ ఫోను:
"ఆగిపోయింది హెడ్లీ. నిద్ర రావట్లేదు."

కొత్త డబ్బీలు మళ్లీ అక్కడే పెట్టింది,
గడియారం పక్కన, దిండు మీద.
ఈసారి అరవై రెండు.
కాగితం నాకు చూపించి
బిస్కెట్ల డబ్బాలో దాచుకుంది.
"మీ ఇంట్లో ఎంత?" అంది.

అబద్ధం చెప్పాను.
వాన్ అరలో, రసీదుల కింద,
నా పేరుతో తెప్పించిన కవరు
రెండేళ్లుగా విప్పకుండా ఉంది.

ఆ రాత్రి ఇంటి ముందు వాన్ ఆపి
చాలాసేపు దిగలేదు.
లోపల పిల్ల గది కిటికీ బిగించి ఉంది,
పసుపు దీపం.
కవరు చింపాను.
తారీకు రాయడానికి పెన్ను కోసం
చీకట్లో తడుముకుంటున్నాను.